తుపాకీ లేని గూఢచారి సినిమాలు: చూసినవాళ్ళు రండి

నేలటికెట్ | శనివారం, రాత్రి 11:48

నిద్ర పట్టక పెడుతున్న టాపిక్ ఇది, అక్షరదోషాలుంటే సర్దుకోండి. ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’ ఇప్పుడే చూసి లేచాను. 2006లో వచ్చిన జర్మన్ సినిమా. దర్శకుడికి అదే మొదటి సినిమా, ఆస్కార్ కూడా కొట్టింది. మీలో సగం మంది ఎప్పుడో చూసేసి ఉంటారు, నాకే ఆలస్యమైంది.

గూఢచారి సినిమా కదా అని పాప్‌కార్న్ వేయించుకుని కూర్చున్నా. రెండుంపావు గంటలు నడిచింది, ఒక్క తూటా పేలలేదు. 1984, కమ్యూనిస్టు తూర్పు జర్మనీ రాజధాని తూర్పు బెర్లిన్. వీస్లర్ అని స్టాసీలో కెప్టెన్. స్టాసీ అంటే వాళ్ళ రహస్య పోలీసు. ఒక నాటక రచయిత ఇంట్లో గోడలనిండా మైకులు పెట్టించి, అదే బిల్డింగ్‌లో అటక మీద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు. కింద వాళ్ళు తినేది, పోట్లాడుకునేది, ఒక్కటయ్యేది, అన్నీ టైముతో సహా టైపు చేస్తాడు.

నాకు నిద్ర లేకుండా చేసింది లిఫ్ట్ సీను. బంతి పట్టుకున్న ఒక పిల్లాడు లిఫ్ట్‌లో వీస్లర్ పక్కన నిలబడి, నువ్వు స్టాసీ వాడివట కదా అని అడుగుతాడు. వాళ్ళు జనాన్ని జైల్లో పెట్టే చెడ్డవాళ్ళని మా నాన్న చెప్పాడంటాడు. వీస్లర్ అలవాటు కొద్దీ ‘పేరేంటి...’ అని మొదలుపెట్టి ఆగిపోతాడు. నాన్న పేరు అడగబోయాడని మనకి తెలుసు. ఏం పేరు అంటాడు పిల్లాడు. ‘నీ బంతి పేరు’ అంటాడు వీస్లర్. బంతికి పేరేంటి, నీకేమైనా పిచ్చా అన్నట్టు చూస్తాడు వాడు. ఇంతా కలిపి అర నిమిషం ఉండదు. ఒక మనిషి ఉద్యోగం మొత్తం ఆ అర నిమిషంలో ఉంది.

మనకి 1966లోనే ‘గూఢచారి 116’ వచ్చింది. కృష్ణ గారికి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పేరు తెచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా మన గూఢచారి చేతిలో తుపాకీయే. వినేవాడి కథ మనవాళ్ళు ఎందుకు తీయలేదు? ఇలాంటివి ఇంకేం చూశారో చెప్పండి.

గోడమీదపిల్లి | శనివారం, రాత్రి 11:55

మన అటక మీద ఆవకాయ జాడీలు, పాత ట్రంకుపెట్టెలు ఉంటాయి బ్రో. స్టాసీ వాడు ఎక్కితే కూర్చోడానికి చోటేదీ?

లైప్‌జిగ్ చలి | ఆదివారం, తెల్లవారుజాము 3:20

నేను ఒకప్పటి తూర్పు జర్మనీ ఊరు లైప్‌జిగ్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. ఊరి నడిబొడ్డున రుండె ఎక్కె అని ఒక బిల్డింగ్ ఉంది, ‘గుండ్రటి మూల’ అని అర్థం. స్టాసీ జిల్లా ఆఫీసు అదే. 1989 డిసెంబర్‌లో జనం లోపలికి వెళ్ళి ఆక్రమించుకున్నారు, ఇప్పుడు మ్యూజియం. వారాంతాల్లో ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా తీసుకెళ్ళి చూపించడం నా డ్యూటీ అయిపోయింది.

సినిమా మొదట్లో ఇంటరాగేషన్ అయ్యాక కుర్చీ మీద గుడ్డ తీసి సీసాలో పెడతారు, గుర్తుందా? అది దర్శకుడి కల్పన కాదు. ఆ సీసాలు అక్కడ ఉన్నాయి. మన నిమ్మకాయ ఊరగాయ సీసాల్లాంటివే, లోపల పసుపురంగు గుడ్డముక్క. మనిషి చెమట వాసన దాచి పెట్టేవాళ్ళు, రేపు ఎక్కడైనా కరపత్రం దొరికితే కుక్కలకి వాసన చూపించడానికి. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి ఒక సీసా ముందు నిలబడి, ఇది ఎవరిదో, ఆ మనిషికి ఈ సంగతి ఎప్పటికైనా తెలిసిందో లేదో అనుకున్నా, నవ్వు రాలేదు. ఉత్తరాలు ఆవిరి పట్టి విప్పే మెషీన్, పెట్టుడు మీసాలు, విగ్గులు కూడా ఉన్నాయి. పెట్టుడు మీసాలు మాత్రం మన వీధి నాటకాలవాళ్ళవే నయం.

తూర్పు జర్మనీ మొత్తం కోటీ అరవై లక్షల జనాభాకి 1989లో స్టాసీలో జీతం తీసుకునేవాళ్ళే 91,000 మంది. ఇరుగుపొరుగు మీద, తోటి ఉద్యోగుల మీద, కొన్నిచోట్ల కట్టుకున్నవాళ్ళ మీద చాడీలు చేరవేసేవాళ్ళు ఇంకో లక్షా డెబ్భై వేల పైమాటే. మిగిలిన ఫైళ్ళు వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్‌లో మొదలుపెట్టి నల్గొండ దాటొచ్చు. చివరి రోజుల్లో కాగితాలు చించే మెషీన్లు చేతులెత్తేస్తే, కూర్చుని చేతులతో చించారు. ఆ ముక్కలు దాదాపు 16,000 సంచులు. ఇన్నేళ్ళయినా అతికించడం పూర్తికాలేదు.

గోడమీదపిల్లి | ఆదివారం, ఉదయం 8:02

అక్కా, ఊరగాయ సీసా అన్నారు కదా, ఇవాళ ఇడ్లీలోకి ఊరగాయ తినలేకపోయా. ధన్యవాదాలు.

రెండో ఆట | ఆదివారం, ఉదయం 9:40

అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు కాబట్టి నేను కాస్త నిప్పులు పోస్తా.

సినిమా బాగా తీశారు, కాదనను. కానీ అసలు మలుపే అబద్ధం. ఒక స్టాసీ ఆఫీసర్ పియానో విని కన్నీళ్ళు పెట్టుకుని, దొంగ రిపోర్టులు రాసి రచయితని కాపాడతాడు. అలాంటి ఆఫీసర్ ఒక్కడు కూడా రికార్డుల్లో లేడు. హోహెన్‌షూన్‌హౌజెన్ అని స్టాసీ జైలు ఉండేది, ఇప్పుడు స్మారకం. అక్కడ షూటింగ్‌కి అడిగితే అప్పటి డైరెక్టర్ హుబెర్టుస్ క్నాబె ఒప్పుకోలేదు. యూదుల్ని కాపాడిన నాజీ షిండ్లర్ అనేవాడు నిజంగా ఉన్నాడు, వీస్లర్ అనేవాడు లేడు, ఇది ఆయన వాదన. ఆ గదుల్లో నలిగిపోయినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళ ముందు స్టాసీ వాణ్ణి హీరో చేస్తే ఎలా ఉంటుంది?

ఇంకోటి. ఆ వ్యవస్థలో పని ముక్కలు ముక్కలుగా పంచేవాళ్ళు. వినేవాడు వేరు, వెంటపడేవాడు వేరు, ప్రశ్నలు వేసేవాడు వేరు. వాళ్ళని చూసేవాడు ఇంకొకడు. సినిమాలో అన్నీ వీస్లరే. ఒక్కడే అన్నీ చేస్తేనే కదా ఒక్కడే కాపాడగలడు! మన సినిమాల్లో హీరో ఒక్కడే యాభైమందిని కొడతాడని నవ్వుతాం. ఇదీ అదే, కాకపోతే బెర్లిన్ చలిలో తీశారు.

నేలటికెట్ | ఆదివారం, ఉదయం 10:15

రెండో ఆట గారూ, మీరు ఏ సినిమా చూసినా ఇంటర్వెల్‌లోనే లేచిపోతారని ఈ ఫోరంలో అందరికీ తెలుసు :)

వీస్లర్‌గా చేసిన ఉల్రిష్ మ్యూహ తూర్పు జర్మనీవాడే, ఒకప్పుడు సరిహద్దు కాపలా కాశాడు. పాత్రకి ఎలా తయారయ్యారని అడిగితే, గుర్తు చేసుకున్నానని జవాబిచ్చాడు. ఆస్కార్ వచ్చిన కొద్ది నెలలకే, 2007 జూలైలో 54 ఏళ్ళకి పోయాడు. అన్నీ అనుభవించినవాడే ఆ పాత్రని నమ్మి చేశాడు కదా.

పైగా వీస్లర్‌ని సినిమా వదిలిపెట్టలేదు. మైకులు పెడుతుంటే ఎదురింటావిడ తలుపు సందులోంచి చూస్తుంది. వెళ్ళి తలుపు కొట్టి, ఎవరికైనా చెప్తే మీ అమ్మాయి మెడిసిన్ సీటు రేపే పోతుంది అంటాడు. అరవడు, చేయి ఎత్తడు. ఇంట్లో కరెంటు బిల్లు చదివినంత మామూలుగా అంటాడు. ఆ సీను చూశాక అతన్ని హీరో అని ఎలా అంటారు?

ట్రంక్‌కాల్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

అయ్యా, నాకు 74 ఏళ్ళు. ఇక్కడ చదవడమే గానీ రాయను. మనవడు టైపు చేయడం నేర్పాడు. ఆవకాయ జాడీలు అన్న బాబు కోసం రాస్తున్నా.

నేను 1974లో గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరాను. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్‌కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. లైట్నింగ్‌కి ఎనిమిది రెట్లు ఛార్జీ, చావుకబురుకి తప్ప మా ఊళ్ళో ఎవరూ చేసేవారు కాదు. చేత్తో తీగ గుచ్చి లైను కలిపేవాళ్ళం. కలిసిందో లేదో తెలియాలంటే మేము వినాలి. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి పొడిగించాలా అని అడగాలి. అంటే వినడం మా ఉద్యోగంలో భాగమే. ఎంతసేపు వినాలి అన్నదొక్కటే మా చేతిలో ఉండేది. రాత్రి డ్యూటీలో పొద్దుపోక కొంచెం ఎక్కువే వినేవాళ్ళం, అబద్ధమెందుకు. ఎవరింట్లో సంబంధం తప్పిపోయిందో, ఎవరి పొగాకుకి రేటు పడిపోయిందో ఊరికంటే ముందు మాకు తెలిసేది.

ఎమర్జెన్సీ పెట్టాక ఒకరోజు పైఅధికారి పిలిచి, ఒక నంబర్ చెప్పి, దాన్నుంచి ఏ కాల్ వెళ్ళినా టికెట్‌కి ఇంకో కాపీ రాసి ఉంచమన్నాడు. ఏ ఊరికి, ఎన్నింటికి, ఎంతసేపు. కాగితం మీద ఆర్డరు లేదు, నోటిమాటే. ఆ నంబర్ ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానిది. ఎందుకని నేను అడగలేదు. అడగొచ్చని కూడా తోచలేదు. ఎనిమిది నెలలు రాశాను. ఆ కాపీలు ఎవరు పట్టుకెళ్ళేవారో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ తర్వాత కూడా పండక్కి మా ఎక్స్ఛేంజ్‌కి స్వీట్లు పంపేవాడు, మేము తినేవాళ్ళం.

ఒకసారి తెల్లవారుజామున మద్రాసుకి అర్జెంట్ కాల్ చేశాడు. దానికి కాపీ రాయలేదు. మంచితనం అనుకునేరు, కాదు. కార్బన్ పేపర్ అయిపోయింది, నాకు ఆరింటి బస్సుంది. అంతే.

రెండో ఆట | ఆదివారం, మధ్యాహ్నం 2:52

మాస్టారూ, నమస్కారం. పొద్దున్నుంచి నేను చెప్పలేక సతమతమవుతున్నది మీరు కార్బన్ పేపర్‌తో చెప్పేశారు. పియానో విని మారిపోయినవాడి మీద కాదు, ఆరింటి బస్సున్నవాడి మీద తీయాలి సినిమా.

గోడమీదపిల్లి | ఆదివారం, మధ్యాహ్నం 2:58

తాతగారూ, ఆవకాయ మాట వెనక్కి తీసుకుంటున్నా.

బాల్కనీ మొదటి వరస | ఆదివారం, సాయంత్రం 4:10

ఎమర్జెన్సీ మాట వచ్చింది కాబట్టి ‘కిస్సా కుర్సీ కా’ సంగతి. తీసింది అమృత్ నాహటా, ఆయన అప్పుడు అధికార కాంగ్రెస్ ఎంపీయే! రాజకీయ వ్యంగ్యం. షబానా అజ్మీ పాత్ర పేరు జనతా, ఆమె మూగది. ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. 1975లో సెన్సారు దగ్గర ఆగింది, జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, ప్రింట్లు, నెగటివ్ అన్నీ పట్టుకుపోయారు. గుర్గావ్‌లో మారుతి ఫ్యాక్టరీ ఆవరణలో తగలబెట్టారని తర్వాత కేసు నడిచింది. 1979లో కింది కోర్టు సంజయ్ గాంధీకి, అప్పటి సమాచార మంత్రి వి.సి. శుక్లాకి శిక్ష వేసింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నాహటా 1978లో సినిమా మళ్ళీ తీశాడు. నిజం చెప్పాలంటే రెండోసారి తీసింది చూస్తే సినిమా అంతంత మాత్రమే. దాని చుట్టూ నడిచిన కథే పెద్ద సినిమా.

‘ఆంధీ’ కూడా అంతే. థియేటర్లలో ఆడుతున్న సినిమాని ఆపేశారు, సుచిత్రా సేన్ పాత్ర ఇందిరలా ఉందని. కిశోర్ కుమార్ ప్రభుత్వం అడిగినదానికి సహకరించలేదని రేడియోలో ఆయన పాటలే ఆపేశారు. మా నాన్న ఆ రోజుల్లో రేడియో సిలోన్ పట్టుకోడానికి యాంటెన్నా తీగని వేపచెట్టు చివరిదాకా కట్టాడు.

రెండో ఆట | ఆదివారం, సాయంత్రం 4:45

ఎమర్జెన్సీ మీద మనవాళ్ళు తీయాల్సిన కథ ఒకటి మనింట్లోనే ఉంది. స్నేహలతా రెడ్డి. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన మన నెల్లూరు పఠాభి గారి భార్య. ఆయన తీసిన కన్నడ ‘సంస్కార’లో నటించింది ఆమే. ఆ సినిమాని మొదట మద్రాసు సెన్సారు నిషేధించింది, తర్వాత అదే 1970 జాతీయ ఉత్తమ చిత్రం! 1976లో ఆమెని పట్టుకెళ్ళి బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలారు, కొద్దిరోజులకే పోయింది. జైల్లో డైరీ రాసుకుంది, అది పుస్తకంగా వచ్చింది కూడా. మనం మాత్రం ఒక సీఎం కొడుకు విదేశాల్నుంచి విమానం దిగి రాష్ట్రాన్ని బాగుచేసే కథ తిరగేసి మరగేసి తీస్తున్నాం.

నేలటికెట్ | ఆదివారం, సాయంత్రం 5:05

ఈ సంగతి నాకు తెలియదు. పఠాభి అంటే పద్యాల నడుములు విరగదంతానన్న ఆయన అనే తెలుసు. సిగ్గుగా ఉంది.

సియోల్ సోడా | ఆదివారం, సాయంత్రం 6:30

కొరియన్ వాళ్ళు ఈ విషయంలో మనకంటే పదిమెట్లు పైనున్నారు. ‘ద మ్యాన్ స్టాండింగ్ నెక్స్ట్’, 2020. 1979 అక్టోబర్ 26న దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీని భోజనాల దగ్గర కాల్చి చంపింది శత్రువు కాదు, ఆయన గూఢచార సంస్థ డైరెక్టరే. సినిమా అంతకుముందు నలభై రోజుల కథ. పేర్లు మార్చారు గానీ మనుషులెవరో అక్కడ పిల్లలకి కూడా తెలుసు.

లీ బ్యుంగ్ హన్ ఎంత అణిగిమణిగి చేశాడంటే, కోపం మొత్తం జుట్టు సర్దుకోవడంలోనే కనిపిస్తుంది. కాల్చాక కారెక్కి కూర్చుంటాడు. కిందికి చూసుకుంటే కాళ్ళకి బూట్లు లేవు. మేజోళ్ళతో ఉన్నాడు, వాటికి నెత్తురు. దేశాధ్యక్షుణ్ణి చంపినవాడు బూట్లు మర్చిపోయాడు. కారు తన సొంత సంస్థ ఆఫీసుకి పోవాలా, ఆర్మీ ఆఫీసుకి పోవాలా అన్నది అప్పుడు తేల్చుకోవాలి. ఆర్మీ వైపు తిప్పారు, అక్కడే దొరికిపోయాడు. ఆ డిసెంబర్ 12న ఇంకో సైనికాధికారి చున్ డూ హ్వాన్ తిరగబడి అధికారం లాక్కున్నాడు. 2023లో వచ్చిన ‘12.12: ద డే’ ఆ ఒక్క రాత్రి కథే. ముగింపు ముందే తెలిసి కూడా గోళ్ళు కొరుక్కుంటాం. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో అక్కడ అధ్యక్షుడు నిజంగానే మార్షల్ లా ప్రకటిస్తే, ఎంపీలు కంచెలు దూకి వెళ్ళి ఓటేసి గంటల్లో ఎత్తేయించారు. అప్పుడు అందరికీ ఆ సినిమానే గుర్తొచ్చింది.

గోడమీదపిల్లి | ఆదివారం, రాత్రి 7:12

మనకెందుకు కొరియా, మన దగ్గర మొన్నటి ఫోన్ ట్యాపింగ్ కేసు తీస్తే మూడు పార్టులు వస్తుంది. అందులో మొదటి పార్టు విలన్ ఎవరంటే

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 7:20

పై పోస్టులో మిగతాది తీసేశాను. కోర్టుల్లో నడుస్తున్న వాటి మీద పేర్లు పెట్టి రాయొద్దు, పార్టీల గొడవ అసలొద్దు. ట్యాపింగే కావాలంటే పాతవి బోలెడున్నాయి: 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఈ గొడవ మీదే రాజీనామా చేశారు. పిల్లి గారూ, గోడ మీదే ఉండండి.

లైప్‌జిగ్ చలి | ఆదివారం, రాత్రి 9:35

వినేవాడి సినిమా అంటే 1974 నాటి ‘ద కాన్వర్సేషన్’ చెప్పకుండా ఎలా? కొప్పోలా తీశాడు, జీన్ హ్యాక్‌మన్ చేశాడు. చూడనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి, గుట్టు విప్పేస్తున్నా.

జనం మధ్య నడుస్తూ మాట్లాడుకునే ఒక జంట మాటలు రికార్డ్ చేస్తాడు హీరో. టేపు మళ్ళీ మళ్ళీ వింటాడు. అందులో ఒక వాక్యం, అవకాశం దొరికితే వాడు మనల్ని చంపేస్తాడు అని. పాపం ఎవరో వీళ్ళని చంపబోతున్నారు అని భయపడతాడు. చివర్లో అదే వాక్యం ఇంకోలా వినిపిస్తుంది, బరువు ‘మనల్ని’ మీద పడుతుంది. అంటే వాడు మనల్ని చంపేలోగా మనమే వాణ్ణి చంపాలని! మాటలు అవే, విన్నవాడు తప్పుగా విన్నాడు.

నేను ఒకసారి సరదాకి ఈ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ చేయబోయి ఇక్కడ బోల్తా పడ్డాను. ఇంగ్లీషులో గొంతు మార్చితే చాలు, అక్షరం మారదు. తెలుగులో మనం బరువు వేయాలంటే ‘మనల్నే’ అనేస్తాం, ఒక్క ‘ఏ’ తగిలిస్తే మొదట్లోనే గుట్టు రట్టు. ‘మనల్ని’ అనే ఉంచితే చివర్లో మారినట్టే తెలియదు. వారం రోజులు కుస్తీ పట్టి వదిలేశా.

బాల్కనీ మొదటి వరస | ఆదివారం, రాత్రి 9:58

‘మనల్ని’ అనే ఉంచి, రెండోసారి ‘చంపేస్తాడు మనల్ని’ అని తిప్పితే?

లైప్‌జిగ్ చలి | ఆదివారం, రాత్రి 10:06

అయ్యో. వారం రోజులు పట్టింది నాకు. మీకు ఇరవై నిమిషాలు.

రెండో ఆట | ఆదివారం, రాత్రి 10:20

కుదరదు. ఒకే టేపు కదా, మాటల వరస మారితే మోసం. ఆయన విన్నదే మారాలి, వాళ్ళన్నది కాదు.

నేలటికెట్ | ఆదివారం, రాత్రి 10:31

ఈ ఫోరంలో ఎవర్నీ సంతోషంగా పడుకోనివ్వరు.

నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది గానీ నాకు నచ్చలేదు. మనకి అధికారం మీద సినిమాలు లేక కాదు. 1939లోనే గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందార్లు గోల చేసి కొన్నిచోట్ల ఆపించారు. దానికి డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు! నిజాం రోజుల మీద ‘మా భూమి’ ఉంది. అయితే మన కథల్లో దొర ఉంటాడు, ఎదురు తిరిగేవాడు ఉంటాడు. మధ్యలో దొరగారి లెక్కలు రాసే గుమాస్తా మాత్రం ఎప్పుడూ కమెడియనే.

ట్రంక్‌కాల్ | సోమవారం, ఉదయం 6:15

నిన్న రాత్రి మనవడు ఆ జర్మన్ సినిమా పెట్టాడు. నేనూ మా ఆవిడా చూశాం. ఆవిడ సగంలో నిద్రపోతుందనుకున్నా, పోలేదు.

మీరెవరూ ఒకటి రాయలేదు. అటక మీద రాత్రి డ్యూటీకి వచ్చేవాడు రోజూ ఆలస్యంగా వస్తాడు, వీస్లర్ గడియారం చూసి చీవాట్లు పెడతాడు. అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నాకు రిలీవర్ వచ్చేవాడు ఒక్కరోజూ టైముకి రాలేదు.

సినిమా అయ్యాక మా ఆవిడ అడిగింది, నేను మీ ఎక్స్ఛేంజ్ మీదుగా పుట్టింటికి చేసి మా అమ్మతో మాట్లాడినప్పుడు కూడా విన్నారా అని. మూడు నిమిషాలే కదా అన్నాను. ఇంకా మాట్లాడలేదు నాతో. కాఫీ నేనే పెట్టుకున్నా.

గోడమీదపిల్లి | సోమవారం, ఉదయం 8:40

తాతగారూ, లైట్నింగ్ కాల్ బుక్ చేయండి, ఎనిమిది రెట్లయినా పర్లేదు.

సోడా గారూ, ఆ కొరియన్ రెండూ తెలుగు డబ్బింగ్‌లో దొరుకుతాయా, లేక సబ్‌టైటిల్సే గతా? మా నాన్నకి చూపించాలి.